లిఫ్టులో పైవాడికి పరీక్ష

మా పైవాడు పైవాడు లేడంటాడు.

అచ్చుతప్పు కాదు. మేముండేది ఐదో అంతస్తు. మా నెత్తిమీద, ఆరో అంతస్తులో, ఫిజిక్సు చెప్పి రిటైరైన మాస్టారు ఉంటారు. ఆయన లెక్క ప్రకారం ఆరో అంతస్తు పైన నీళ్ళ ట్యాంకు, ట్యాంకు పైన ఆకాశం, ఆకాశం పైన ఇంకాస్త ఆకాశం. అంతే, ఇంకెవరూ లేరు. ఏ మాటన్నా “ప్రయోగం చేసి చూడాలి” అంటారు గనక భవనమంతా ఆయన్ని ప్రయోగం మాస్టారనే పిలుస్తుంది.

మా ఇంట్లో మాత్రం పైవాడికి పూర్తి మెజారిటీ. పార్టీ నాయకురాలు మా అత్తయ్యగారు. కింద మెట్ల పక్కన ఆవిడకో కొట్టుంది. అందులో ఒక కుట్టుమిషను, ఒక బల్ల, ఒక మనిషి పడతాయి. రెండో మనిషి వస్తే మొదటి మనిషి ఊపిరి బిగబట్టాలి. చిరిగినవి కుట్టడం, వదులైనవి బిగించడం, బిగుసుకున్నవి వదులు చేయడం, ఊడిన గుండీలు వేయడం ఆవిడ పని. పగలంతా బట్టలు కుడతారు, సాయంత్రం ఇంటికొచ్చి నన్ను కుడతారు. మొదటిదానికి మిషను కావాలి, రెండోదానికి నోరు చాలు. నేను బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే మనిషిని. ఊరంతా నా నోరు వింటుంది. ఇంట్లో నా నోటికి మైకు లేదు.

ఇక మా లిఫ్టు. జాలీ తలుపు చేత్తో లాగి మూయాల్సిన పాతకాలపు సరుకు. పొద్దున్నే అందరూ పనులకి బయల్దేరే వేళ రెండంతస్తుల మధ్య ఆగిపోవడం దానికి అలవాటు. మొదట్లో లిఫ్టు ఆగడం అనేవాళ్ళం, తరవాత్తరవాత లిఫ్టు ఆగడాలు అనడం మొదలుపెట్టాం. కాసేపు అలిగి, ఎవరూ బతిమాలకుండానే మళ్ళీ కదులుతుంది. మెకానిక్కు వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు ముందు క్లాసులాగా బుద్ధిగా నడిచి చూపిస్తుంది.

ఈ లిఫ్టు ఎక్కగానే అత్తయ్యగారు జాలీ తలుపు సగం లాగి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి ఒక నిమిషంపాటు నిలబడతారు. తలుపు పూర్తిగా పడితే తప్ప లిఫ్టు కదలదు. కింది అంతస్తులవాళ్ళు బటను నొక్కి, తలుపు కొట్టి, చివరికి నుదురు కొట్టుకుంటారు.

నాలుగో అంతస్తు పెద్దమనిషి మా సంఘానికి కార్యదర్శి. పుట్టడమే నెల ముందు పుట్టారట. అందుకని ఆయన పేరు అర్జెంటుగారు. ఒక ఆదివారం అందరినీ కింద వరండాలో కూర్చోబెట్టి, తాను మాత్రం నిలబడే తీర్మానం చదివేశారు.

“ప్రార్థన ఇంట్లో చేసుకుని రావాలి. లేదంటే తొమ్మిదిన్నర దాటాక లిఫ్టెక్కాలి. ఎవరికైనా అభ్యంతరమా? లేదు. సరే, లేవండి.”

తొమ్మిదిన్నరకి ఎక్కితే కొట్టు తెరిచినా తెరవనట్టే. పనికి వెళ్తూ బట్టలిచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళే ఆవిడ గిరాకీ. మెట్లు దిగుదామంటే మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. దండం పెట్టకుండా ఎక్కుదామంటే, ఆవిడ ఏ విషయంలోనూ మెట్టు దిగే మనిషి కాదు.

“దండం పెట్టకుండా నేనెక్కను బాబూ. కొట్టు మూసెయ్యమంటే మూసేస్తాను,” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు మెళ్ళో వేలాడే కొలతల టేపుని వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. నోరు నా వృత్తి కదా, లేచాను.

“అయ్యా అర్జెంటుగారూ! మా అత్తయ్యగారు ఎక్కినప్పుడు ఈ లిఫ్టు ఒక్కసారైనా ఆగిందా?”

అందరూ ఆలోచనలో పడ్డారు. ఎంత వెతికినా ఎవరికీ అలాంటి రోజు గుర్తురాలేదు.

“చూశారా! మీరు నొక్కితే బటను, ఆవిడ మొక్కితే వరం!” అన్నాను, మైకు లేకపోయినా మైకంలో.

ప్రయోగం మాస్టారి కళ్ళు మెరిశాయి. “ఇది పరీక్షకి నిలిచే మాటే. నాణెం ఎగరేద్దాం. బొమ్మ పడితే అక్కయ్యగారు ప్రార్థించి దిగుతారు, బొరుసు పడితే ప్రార్థించకుండా దిగుతారు. దండంతో నడిచి, దండం లేకుండా ఆగితే ఆవిడ మాట చెల్లినట్టు. తేడా లేకపోతే కార్యదర్శిగారి మాట.”

“పరీక్ష నాకాండీ, దేవుడికా?” అడిగారు అత్తయ్యగారు.

“దేవుడికే, అక్కయ్యగారూ.”

“మరి ఆయన ఫెయిలైతే నా కొట్టెందుకండీ మూయడం?”

మాస్టారు నాణెం కోసం జేబు వెతుక్కోసాగారు. అయినా కొట్టు నిలబడే దారి మరోటి లేక ఆవిడ ఒప్పుకున్నారు. “సరే, బొరుసు రోజున సెలవు తీసుకోమని ఆయనకి ముందే చెప్పుకుంటాను,” అన్నారు.

అప్పుడు మాస్టారికి ఇంకో చిక్కు తోచింది. “నోటితో అనకపోయినా మనసులో అనుకుంటే ప్రయోగం చెడిపోతుంది. బొరుసు రోజున దేవుడు మనసులోకి కూడా రాకూడదు.”

“ఆయన నాకు చెప్పి వస్తాడాండీ?”

“అసలు దేవుడి ధ్యాసే రాని సమయం మీకు ఏదైనా ఉందా?”

అత్తయ్యగారు నిజాయతీగా ఆలోచించారు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ నావైపు చూశారు.

“ఉందండీ. అల్లుడుగారిని తిట్టేటప్పుడు.”

“అది మాత్రం నిజం,” అంది మా ఆవిడ. “ఆ టైములో అమ్మకి నేనే గుర్తుండను.”

అలా ఖాయమైంది. బొమ్మకి ప్రార్థన, బొరుసుకి నేను. విజ్ఞానం కోసం కప్పలు ప్రాణమిచ్చాయి, ఎలుకలు ప్రాణమిచ్చాయి. నేను మానమిచ్చాను.

మొదటి బొరుసు మర్నాడే పడింది. అసలే పొద్దున్న, అందులో రద్దీ. లిఫ్టులో అత్తయ్యగారు, నేను, మూలన మాస్టారు. ఆవిడ జాలీ తలుపు మీద చెయ్యేసి మొదలుపెట్టారు.

“ఏమండీ అల్లుడుగారూ, తడి తువ్వాలు తెచ్చి పరుపు మీద పరచడం మీ ఇంట్లో నేర్పారా, మీరే కనిపెట్టారా? పోనీ ఆరేసుకుంటున్నారేమో అనుకుంటే, దాని మీదే పడుకుని నడుం పట్టేసిందంటారేం?”

కింది అంతస్తులో ఎవరో బటను నొక్కారు. మాస్టారు తలుపు మూయబోయారు.

“ఉండండి మాస్టారూ, మాట సగంలో ఉంది. కదిలే బండిలో తిడితే సగం గాలికి పోతుంది,” అని తలుపు వదలకుండా నా గురక, నా చెప్పుల చప్పుడు, ఫోనులో నేను అరిచే అరుపు, అన్నీ వరసగా కుట్టేసి, దారం తెంపినట్టు “ఇక పదండి” అన్నారు. తలుపు పడింది. లిఫ్టు వెన్నలో కత్తిలా కిందికి దిగింది.

బొమ్మ రోజున నడిచింది. బొరుసు రోజున నడిచింది. మిగతావాళ్ళకి మాత్రం ఎప్పట్లాగే మధ్యలో ఆగుతూనే ఉంది. ఒక రోజు అర్జెంటుగారే మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య వేలాడి, ఫోనులో “బయల్దేరిపోయాను, వచ్చేస్తున్నాను” అని అబద్ధం కాని అబద్ధమాడారు.

ఇంట్లో నేను గంతులేశాను. “ఇది నిందాస్తుతి! దేవుణ్ణి పొగిడినా తిట్టినా ఫలమొకటే.”

“తిట్టింది మిమ్మల్ని కదండీ!” అంది మా ఆవిడ.

“అదీ నిజమే.”

“అయితే ఓ దేవుడా, గుమ్మంలో ఆ కూరగాయల సంచి ఉంది, లోపల పెట్టు స్వామీ.”

పెట్టాను. దేవుడికి ఇంట్లో పనులెక్కువని అప్పుడు తెలిసింది.

నెలాఖరున మళ్ళీ వరండా. అర్జెంటుగారు కూర్చోనివ్వకుండానే తేల్చేశారు. “దండానికీ తిట్టుకీ తేడా లేదు. అంటే దండం దండగ. షరతు షరతే. ఎల్లుండి నుంచి తొమ్మిదిన్నర.”

 అత్తయ్యగారు ఇంటికొచ్చి, బట్టలిచ్చినవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోను చేసి, “రేపటిలోగా తీసుకెళ్ళండమ్మా, తరవాత వీలు పడదు,” అని చెప్పసాగారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నా తువ్వాలు కుర్చీ మీదే ఉంది. చూసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. పాతికేళ్ళలో నాకు భయమేసిన భోజనం అదొక్కటే.

కాసేపటికి మాస్టారు దిగొచ్చారు. గెలిచిన మనిషిలా లేరు, పరీక్ష పేపరు పోగొట్టుకున్నవాడిలా ఉన్నారు.

“నాకు మింగుడుపడడం లేదండీ. దండానికీ తిట్టుకీ తేడా లేదు, నిజమే. కానీ ఆ రెండిటికీ, మిగతావాళ్ళకీ తేడా ఉంది. అదెక్కణ్ణించొచ్చింది? అది తేలకుండా కొట్టు మూయిస్తే నేను చేసింది ప్రయోగం కాదు, పంచాయితీ.”

“షరతు ప్రకారం మీరు గెలిచారుగా మాస్టారూ,” అన్నాను.

“గెలవడానికి నేనేమైనా పేకాడానా?”

మర్నాడు పొద్దున్నే, మంచి రద్దీలో, ఆయనొక్కరే లిఫ్టెక్కారు. దండం పెట్టలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఊరికే తలుపు తెరిచి పట్టుకుని, తన గోళ్ళు తనే చూసుకుంటూ నిమిషం నిలబడ్డారు. తలుపు మూశారు. ఆగకుండా దిగింది. మళ్ళీ పైకెళ్ళి అదే చేశారు. ఆగకుండా దిగింది. మూడోసారి దిగుతుంటే నాలుగో అంతస్తులో అర్జెంటుగారు దూరి, ఎక్కీ ఎక్కకముందే తలుపు లాగి బటను నొక్కారు. మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఠక్కున ఆగింది.

లోపల్నించి మాస్టారి కేక భవనమంతా మోగింది. “దొరికింది! దొరికింది!”

“ఎవరండీ, దేవుడా?” అని పైనుంచి అరిచాను.

“కాదయ్యా, కారణం!”

జనం మెట్ల మీదికి చేరారు. జాలీ సందులోంచి ఆయన పాఠం చెప్పారు. రద్దీలో మోటారుకి ఊపిరాడనివ్వకుండా ఒకరి మీద ఒకరం నొక్కుతాం. అది వేడెక్కి తనంతట తనే కట్టేసుకుంటుంది. చల్లారాక మళ్ళీ బయల్దేరుతుంది. ఎవరైనా తలుపు తెరిచి ఒక్క నిమిషం నిలబడితే ఆ చల్లారడం ముందే అయిపోతుంది. దండం పెట్టినా నిమిషమే, అల్లుణ్ణి తిట్టినా నిమిషమే.

“అంటే మాస్టారూ, లిఫ్టుని నడిపింది దేవుడి తలపు కాదు, లిఫ్టు తలుపు!” అన్నాను. ఇలాంటి మాట దొరికినప్పుడు ఊరుకుంటే నాకు అజీర్తి చేస్తుంది.

మాస్టారు లోపల పక్కకి తిరిగారు. “కార్యదర్శిగారూ, ఆ చేతులేంటండీ?”

“ఏం లేదు, చల్లగా ఉంటే రుద్దుకుంటున్నా,” అన్నారు చెమటలు కారుతున్న అర్జెంటుగారు.

లిఫ్టు చల్లబడి, మనుషులూ చల్లబడ్డాక తీర్మానం మారిపోయింది. మోటారు మార్చేదాకా పొద్దుటిపూట ఎక్కిన ప్రతివాళ్ళూ నిమిషం ఆగాలి. అత్తయ్యగారు ఎప్పట్లా నిలబడొచ్చు. ఈ తీర్మానం చదివింది అర్జెంటుగారే. మొదటిసారి మెల్లగా చదివారు.

“ఇంతకీ మాస్టారూ, దేవుడు పాసా ఫెయిలా?” అడిగాను.

“ఆయన అసలు పరీక్షకి హాజరైనట్టు దాఖలా లేదయ్యా. పరీక్ష రాసింది మోటారు.”

మర్నాడు కొట్టు తెరవడానికి అత్తయ్యగారితో నేనూ దిగాను. మాస్టారు పై నుంచి అదే లిఫ్టులో వచ్చారు. ఆవిడ తలుపు సగం లాగి కళ్ళు మూసుకున్నారు. మాస్టారు మర్యాదగా ఎదురుచూశారు. లిఫ్టు కదిలాక అడిగారు.

“అక్కయ్యగారూ, లిఫ్టు ఆగకూడదనే కదా ఇన్నాళ్ళూ కోరుకున్నది?”

“అయ్యో, లిఫ్టు సంగతి ఆయనకెందుకండీ చెప్పడం? దానికి మెకానిక్కు లేడూ!”

నేను ఫ్యాను వైపు చూశాను. అందులో ఫ్యాను లేదు.

“మరి మీ అల్లుడుగారు...”

“ఆయన బస్టాండులో రాని బస్సు కూడా వచ్చేసిందని చెబుతారండీ.”

“అయితే ఏం కోరుకుంటారు?”

“ఆ రోజు కుట్టాల్సినవి వరసగా గుర్తుచేసుకుంటాను. ఎవరి గౌను, ఎవరి చొక్కా అని. ఆ బట్టల్లో ఉండేవాళ్ళు చల్లగా ఉండాలనుకుంటాను. అంతే.”

మాస్టారు కాస్త తటపటాయించారు. “నా ప్యాంటు కూడా మీ దగ్గరే ఉంది కదా, నడుం వదులు చెయ్యమని...”

“పరీక్ష జరిగినన్నాళ్ళూ వరసలో మొదట మీదే. చాలా కంగారుగా కనిపించేవారు.”

రెండో అంతస్తు దాకా ఆయన బెల్టు సవరించుకుంటూనే ఉన్నారు. మొదటి అంతస్తు దగ్గర ఆయనలోని ఫిజిక్సు మళ్ళీ లేచి కూర్చుంది.

“అక్కయ్యగారూ, అయితే దీన్ని పరీక్షించొచ్చు! సగంమందిని తలుచుకోండి, సగంమందిని వదిలెయ్యండి. ఏడాది తరవాత ఎవరు ఎలా ఉన్నారో చూద్దాం.”

అత్తయ్యగారు కొట్టు తెరిచి, బల్ల మీది గుట్ట ఆయన ముందుకి జరిపారు. “ఎవరిని వదిలెయ్యాలో మీరే తీసి పక్కన పెట్టండి.”

పైన బడిపిల్ల గౌను ఉంది. పొడుగైందని అంచు విప్పమన్నారు. మాస్టారు దాన్ని పైకెత్తి, మడత చెడకుండా మళ్ళీ పెట్టేశారు. నర్సు కోటు తీసి పెట్టేశారు. డ్రైవరు చొక్కా తీసి పెట్టేశారు. గుండీ ఊడిన అర్జెంటుగారి చొక్కాని మాత్రం మిగతావాటికన్నా కాస్త ఎక్కువసేపు పట్టుకున్నారు. దాన్నీ పెట్టేశారు. చివరికి అడుగునుంచి తన ప్యాంటు లాగి బల్ల చివర పెట్టారు.

“ఇదొక్కటీ వదిలెయ్యండి.”

“ఒక్కడితో ప్రయోగమేంటండీ మాస్టారూ,” అంటూ అత్తయ్యగారు ఆ ప్యాంటు తీసి, నడుం దగ్గర కుట్టు విప్పి, మిషను కిందికి తోశారు.