అత్తయ్య జరిపిన బ్రిడ్జి

పాత మాండలిన్ల పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఆయన 'తీసుకెళ్ళు మావయ్య'. వందేళ్ళ నాటి వాద్యమైనా సరే, ఎవరైనా కాస్త ఆశగా చూస్తే చాలు, "తీసుకెళ్ళు, నెల్లాళ్ళు వాయించి చూడు" అని చేతిలో పెట్టేసేవాడు. ఎక్కడో అటక మీద ఒక పాత మాండలిన్ ఉందని కబురొస్తే, కంచం ముందు నుంచి లేచి పరుగెత్తేవాడు. ఆయన ఇల్లాలు అందరికీ అత్తయ్య. ఆయన మోసుకొచ్చిన వాటికి పగుళ్ళు అతికి, తీగలు కట్టి, మళ్ళీ పలికించే చేయి ఆమెది.

ఆయన పోయిన రెండు నెలలకు మాండలిన్ సంఘంవాళ్ళు సంస్మరణ సభ పెట్టారు. ఆయన ప్రాణంగా చూసుకున్న మాండలిన్ మీద చెవులాయన వాయిస్తాడన్నారు. అత్తయ్యకు ఒళ్ళు మండిపోయింది.

చెవులాయన మావయ్యకు మొదటి శిష్యుడు. శ్రుతిలో తేడా వీధి చివర నుంచే పట్టేస్తానని గొప్పలు పోతాడు గనక ఆ పేరు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. కిందటేడు సంఘం సమావేశంలో లేచి, మావయ్యకు చెవుడు వచ్చిందనీ, ఏ వాద్యం మంచిదో తేల్చే పని ఇక ఆయనకు వద్దనీ అన్నాడు. ఒక్కరూ కాదనలేదు. ఆ తర్వాత పోయేదాకా మావయ్య మాండలిన్ ముట్టలేదు. ఆ కసి అత్తయ్య కడుపులో పెట్టుకుని తిరిగింది.

సభ రోజు పొద్దున, తీగలు మార్చే నెపంతో పెట్టె తెరిచింది. తీగల కింద నిలబడే చెక్క బ్రిడ్జిని మాండలిన్‌కు జిగురుతో అతికించరు. తీగల బిగువుకే అది నిలుస్తుంది. దాన్ని బియ్యపు గింజ పొడుగంత వెనక్కి నెట్టింది. ఇక మెట్టు నొక్కకుండా ఉత్త తీగలు మీటితే బాగానే ఉంటుంది, పై మెట్లకు వెళ్ళినకొద్దీ స్వరం తప్పుతుంది. తీగలు బిగించే బిరడాలు ఎంత తిప్పినా లాభం లేదు. ఆ చెవులు ఏపాటివో సంఘమంతా చూడాలి, ఆమెకు కావలసింది అంతే.

సాయంత్రం ముందు వరసలో కూర్చుంది. చెవులాయన పై మెట్లకు వెళ్ళగానే అపస్వరం పలికింది. ఆపి బిరడాలు తిప్పాడు. మళ్ళీ అదే. మూడోసారికి నుదురు తుడుచుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అత్తయ్య ప్రాణం హాయిగా ఉంది.

అప్పుడతను మైకు దగ్గరికి జరిగి, ఇందులో తన లోపమేమీ లేదనీ, మావయ్య మెచ్చుకున్న వాద్యాలన్నీ ఇంతేననీ, ఈ సంగతి తాను కిందటేడే చెప్పాననీ అన్నాడు. చాలా తలలు ఊగాయి.

"పాపం, పెద్దాయనకి నిజంగానే వినపడేది కాదన్నమాట," అంది పక్క కుర్చీలో ఆవిడ.

అత్తయ్య తవ్విన గోతిలో మావయ్యే పడ్డాడు. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది, ఆయన పేరు మట్టిలో కలుస్తుంది. లేచి వేదికెక్కింది. అతని చేతిలోంచి మాండలిన్ లాక్కుని, అందరూ చూస్తుండగా తీగలు వదులు చేసి, బ్రిడ్జిని ముందుకు నెట్టి, మళ్ళీ బిగించింది. చిట్టచివరి మెట్టు మీద మీటింది. స్వరం నిఖార్సుగా పలికింది.

"పొద్దున దీన్ని జరిపింది నేనే," అంది మైకులో. "తప్పే. కావాలంటే నన్ను సంఘంలోంచి తీసేయండి. కానీ మా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు చెప్పండి, స్వరం ఇలా తప్పితే ముందు ఏం చూస్తారు?"

"బ్రిడ్జి, అత్తయ్యా," అన్నారు నలుమూలల నుంచీ. చెవులాయన ఒక్కడే నేల చూపులు చూశాడు.

ఆమె మాండలిన్ తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడు వాయించు నాయనా. ఆయనకి చెవుడన్నావుగా, కాస్త గట్టిగా వాయించు."