పదో ఇంటి ముందు పెళ్లి దరువు

నేను ఒక బ్యాండుమేళం డ్రమ్మును. నడుము చుట్టూ ఎర్ర రంగు, రెండు వైపులా మేకతోలు, లోపల కొంచెం గర్వం. నన్ను చేయించిన యేసుపాదం పాతికేళ్లు నన్ను మెడకు తగిలించుకుని ఊళ్లో పెళ్లికొడుకులందరినీ ఊరేగించాడు. తరవాత డీజేలు వచ్చాయి. వాటితో పోటీకని ఆయన అప్పుచేసి దీపాల బండి కొన్నాడు. బండి కదల్లేదు గాని వడ్డీ మాత్రం పరుగెత్తింది. చివరికి అప్పులు తీర్చలేనని కోర్టులో ఐపీ పెట్టాడు.

కోర్టువారు బండిని వేలం వేయించారు. బతుకుతెరువు పనిముట్టునని నన్నూ, కొనేవాడు లేడని రేకుల ఇంటినీ వదిలేశారు. బాకీలు రద్దయ్యాయని కాగితం రాగానే మావాడికి పట్టరాని సంతోషం. అప్పులవాళ్ల నోటీసులతోపాటు నాలుగేళ్ల ఇంటిపన్ను నోటీసులు కూడా పొయ్యిలో పెట్టి, నీళ్లు కాచుకుని తలంటు పోసుకున్నాడు. జుట్టు ఆరకముందే వకీలు అసలు సంగతి చెప్పాడు. ఇంటిపన్ను ఐపీతో పోదట, ఇంటినే అంటిపెట్టుకుని ఉంటుందట. నెలాఖరులోగా కట్టకపోతే ఇంటికి తాళం వేస్తామని మునిసిపాలిటీ కబురు కూడా వచ్చింది.

ఆ వారమే బిల్లు కలెక్టరు మస్తానరావు ఒక బేరం తెచ్చాడు. పన్ను కట్టనివాళ్ల ఇళ్ల ముందు వాయిద్యం మోగించి సిగ్గుపడేలా చేయాలి. ఇంటికింత కూలి. మొత్తం పది ఇళ్లు. పదో పేరు యేసుపాదానిదే.

మాకు వచ్చింది పెళ్లి దరువు ఒక్కటే. సిగ్గుపడాల్సిన గుమ్మాల ముందు పిల్లలు గంతులేశారు, ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. తొమ్మిది ఇళ్లవాళ్లూ నవ్వలేక ఏడవలేక డబ్బు తెచ్చి ఇచ్చారు.

పదో ఇంటి దగ్గర మస్తానరావుకే మొహమాటం వేసి, ఇక చాలన్నాడు.

"తొమ్మిదిళ్ల కాడ కొట్టి నా ఇంటి కాడ ఆపితే నాకు పరువుండదండీ," అని యేసుపాదం కర్రలెత్తాడు. అంత బాగా ఆయన నన్ను ఏ పెళ్లిలోనూ వాయించలేదు. నాకు ఒళ్లంతా ఆనందమే.

ఆయన భార్య సువార్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. "పదిళ్ల కూలి మాకు రావాలి గదండీ. అది ఇయ్యమాకండి. పన్ను కింద పట్టుకుని రశీదు రాయండి," అంది.

నలభై రూపాయలు తక్కువపడితే, దరువు నచ్చిందని మస్తానరావే జేబులోంచి వేశాడు.

ఇప్పుడు నా తోలు ఒకవైపు చిరిగింది. ఆ చిరుగులోంచి సువార్తమ్మ రశీదును నా కడుపులో దాచింది. ఐపీ పెడితే పన్ను పోతుందా అని ఎవరైనా అడగవస్తే యేసుపాదం నా మీద రెండు దెబ్బలు వేస్తాడు. లోపల రశీదు ఎగిరి చప్పుడు చేస్తుంది. పోలేదండీ, కట్టాం, అని.