నలభై రెండో పేజీ

కాత్యాయని మెట్లెక్కుతూనే ఉంది, ఎక్కిన ప్రతి మెట్టూ ఆమెను కిందికే దించుతోంది, అయినా అదేమంత వింతగా తోచడం లేదు, డ్యూటీకి ఆలస్యమైనప్పుడు మెట్లు ఎటు పోతున్నాయో చూసుకునే తీరిక ఎవరికుంటుంది. తాను రిటైరై ఆరేళ్ళయిందనీ, కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తీగలు గుచ్చే ఆ ట్రంకు బోర్డును పీకేసి చాలాకాలమైందనీ గుర్తుంది గానీ, ఆ సంగతులన్నీ వేరెవరి ఇంట్లోనో జరిగినట్టు దూరంగా ఉన్నాయి. తలుపు తోస్తే హాలు. అప్పట్లో బోర్డుకు పన్నెండు సీట్లుండేవి, ఇప్పుడది చివర కనిపించకుండా సాగిపోయి ఉంది, ప్రతి సీటులోనూ హెడ్‌సెట్ పెట్టుకున్న ఒక ఆడమనిషి వీపు తిప్పి కూర్చుని ఉంది, నడుమ నడుమ కుర్చీలకు బదులు ఆసుపత్రి మంచాలున్నాయి, పైన ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి గానీ ఒక్కరి పైట కూడా కదలడం లేదు.

"రావే, నీ సీటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచాను," అంటుంది ఒక వీపు.

అది పక్క సీటు సత్యవేణి గొంతు. వేణి పోయి ముప్పై ఎనిమిదేళ్ళు. కామెర్లు ముదిరి పోయింది, ఇరవై ఎనిమిదో ఏట, పెళ్ళి కాకుండా. నిద్రలో లేపి అడిగినా ఈ వివరాలు కాత్యాయనికి తప్పవు, ఇప్పుడెవరూ లేపనే లేదు కాబట్టి మరీ తప్పవు. పక్క సీటులో కూర్చుని చూస్తే, వేణి మొహానికి అడ్డంగా ఒక వారపత్రిక తెరిచి పట్టుకుని ఉంది, ఆ పేజీలో నడిమి ముక్క లేదు, కింద సబ్బు ప్రకటన వదిలేసి కథ మేరకు ఎవరో కత్తెరతో నలుచదరంగా కోసిన కంత, ఆ కంతలోంచి ఒక కన్ను, సగం ముక్కు, పై పెదవి అంచు కనిపిస్తున్నాయి.

"ఆ పుస్తకం కాస్త దించవే, మొహం చూడనీ."

"దించితే ఏముంటదే? ఈ కంతలోంచి ఎంత కనపడతందో అంతే మిగిలాను," అంటుంది వేణి, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

కాత్యాయని ఆ అంచులు గుర్తుపడుతుంది. ఆ కంత కోసింది తనే.

ఆ రోజుల్లో ఇద్దరూ కలిసి ఒకే వారపత్రిక కొనేవాళ్ళు. గురువారం గురువారం వచ్చేది. అందులో మూడు సీరియల్స్ నడిచేవి. కాత్యాయనిది సైన్సు కథ, మనుషులు శుక్రగ్రహం మీద ఊరు కట్టుకుంటారు, అక్కడ గాలి తయారుచేసే యంత్రం ఆగిపోతుంది. వేణిది ప్రేమకథ, మాలిని అనే లెక్చరరూ శ్రీకర్ అనే ఇంజనీరూను. మూడోది జానపదం, దాన్ని ఇద్దరూ చదివేవాళ్ళు. ఎవరి సీరియల్ వాళ్ళు కత్తిరించుకుని పాత డైరీల్లో అంటించి పుస్తకం చేసుకునేవాళ్ళు. చిక్కల్లా, ఒక్కోవారం ఒకరి పేజీ వెనకే రెండోవారి పేజీ పడేది. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు, కత్తెర పట్టినవాళ్ళు ముందు వెనక పేజీ మొత్తం రెండోవాళ్ళకి చదివి వినిపించాలి. బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు, వాడకంలో లేని ఒక లైను మీద, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చదివేవాళ్ళు.

ఏడేళ్ళలో ఆ కట్టుబాటు తప్పింది ఒక్కసారే. వేణి ఆసుపత్రిలో ఉంది. ఆ గురువారం సైన్సు కథా ప్రేమకథా రెండూ ముగిశాయి, నలభై ఒకటో పేజీలో శుక్రగ్రహం, దాని వెనకే నలభై రెండో పేజీలో మాలిని. కాచిన జిగురు ఎండిపోతోందని కాత్యాయని ఇంటి దగ్గరే కోసి అంటించేసుకుంది, వెనక్కి తిప్పైనా చూడలేదు. ప్రేమకథకి ముగింపు చదవక్కర్లేదు, మొదటి వారమే తెలిసిపోతుంది అన్నది ఆవిడగారి అభిప్రాయం. మిగిలిన పత్రికను వేణి తలగడ పక్కన పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. శనివారం పొద్దున వేణి పోయింది. పక్క మీద పత్రిక ఆ కంత పడిన చోటే తెరిచి ఉంది.

"చచ్చినదానితో మాట్లాడాలంటే ఏదో యంత్రం ఉండాలంటావు కదా," అంటుంది వేణి ఇప్పుడు. "ఏదే యంత్రం?"

"ఈ బోర్డే అనుకుందాం," అంటుంది కాత్యాయని, ఎంత భయంలోనైనా వాదన దొరికితే వదిలే మనిషి కాదు. "సైన్సు కథ అయితే నువ్వెలా వచ్చావో రాసినవాడు చెప్పి తీరాలి. జానపదమైతే ఎవడో మంత్రించిన నీళ్ళు చల్లుతాడు, లేచి కూర్చుంటావు, ఎలాగయ్యా అని అడిగే దిక్కుండదు."

"అడక్కపోతేనే బాగుంటది. నాకది అందుకే ఇష్టం. పోయినోళ్ళు లేస్తారు, లేచి, ఆకలేస్తంది అంటారు." కంతలో కన్ను రెప్ప వెయ్యదు. "ఇక్కడ ఎవరూ లేవట్లేదే. కూర్చోడమే."

"మరి నీ ప్రేమకథల్లో?"

"అందులో ఒకళ్ళు అడుగుతారు, ఇంకోళ్ళు జవాబు చెబుతారు. అంతే. నువ్వు పెళ్ళి చూస్తావు గానీ, నేనెప్పుడూ పెళ్ళి కోసం చదవలేదే. పెళ్ళవుద్దని నాకు మాత్రం తెలీదా? ఆ అమ్మాయి ఏ మాట అందో అది కావాలి నాకు."

ఆ మాట మీద బోర్డులో ఒక దీపం వెలుగుతుంది, లేక ఇంతసేపూ వెలుగుతూనే ఉందేమో, కాత్యాయని ఇప్పుడు చూస్తోందేమో. దీపం కింద ఊరి పేరు రాసిన చీటీ వెలిసిపోయింది గానీ చదవనక్కర్లేదు, ఆ చోటు వేలికి తెలుసు.

"భీమవరం," అంటుంది వేణి.

భీమవరం ఎక్స్ఛేంజిలో చలపతి. ఆ మనిషిని ఇద్దరిలో ఎవరూ చూడలేదు, "ఆయ్, భీమవరమండి" అనే గొంతుగానే తెలుసు. రెండేళ్ళపాటు కాల్ కీ కాల్ కీ మధ్య వేణికి ఆ గొంతే కాలక్షేపం. ఆసుపత్రిలో చేరడానికి నాలుగు రోజుల ముందు అతను, మనం పెళ్ళి చేసుకుందామాండి అన్నాడు. వేణి, గురువారం చెబుతానండి అంది. గొంతు చూసి మొగుణ్ణి చేసుకుంటావా అని కాత్యాయని రెండు రోజులు ఏడిపించింది గానీ, గురువారమే ఎందుకో ఆమెకు తట్టలేదు.

"మాలిని ఏం చెప్పిందో చూసి నేనూ అదే చెబుదామనుకున్నానే," అంటుంది వేణి. "నాకు మాటలు రావు కదా. నంబరు చెప్పండి, మూడు నిమిషాలయ్యాయి పొడిగించమంటారా, ఈ రెండూ తప్ప మగాడితో నేనేం మాట్లాడాను? తప్పు మాట అంటే నవ్వుతాడేమోనని భయం. ఆయన లైన్లోనే ఉన్నాడు."

"ఇంకానా?"

"పెట్టెయ్యమని నేను అన్లేదుగా."

కాత్యాయని తన ముందున్న హెడ్‌సెట్ తీసి కుడిచెవికి ఆనించుకుంటుంది. లైనులో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, నీళ్ళ అడుగున ఉన్నట్టు దూరంగా, తొందరేమీ లేకుండా. ఆ ఊపిరి వింటూంటే తన ఊపిరి కూడా దానితోపాటే నడవడం మొదలుపెట్టిందని తెలిసి, హెడ్‌సెట్ లాగేయబోతుంది, అది చెవిని వదలదు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెనక్కి తిప్పి చూడలేదా?"

"అంటించేశాను కదే."

"ఊడదియ్యొచ్చుగా."

దీనికి కాత్యాయని దగ్గర జవాబుంది, ఎవరికీ చెప్పింది కాదు. "మొదట్లో చులకన. నువ్వు పోయాక భయం. అది చూశానంటే నీకు దక్కనిదేమిటో తెలిసిపోతుంది. చూడకపోతే, ఏముందిలే, ఉత్త పెళ్ళేగా అనుకుంటూ బతికెయ్యొచ్చు. అలాగే బతికేశానే, సిగ్గులేకుండా."

కంతలో పెదవి కదలదు. అయినా, "సర్లే," అని వినిపిస్తుంది. "మరి నీ శుక్రగ్రహం ఏమైంది? గాలి మిషను బాగుపడిందా?"

చెప్పడానికి నోరు తెరుస్తుంది కాత్యాయని. ఎర్రటి ఆకాశం గుర్తుంది, ఊరి చుట్టూ గాజు గోడ గుర్తుంది, లోపల మనుషులు ఒకరి ఊపిరి ఒకరు లెక్కపెట్టుకోవడం గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు. ఏ పేజీ కోసం అంత పని చేసిందో ఆ పేజీలో ఒక్క వాక్యం గుర్తులేదు. "గుర్తులేదే," అంటుంది. వేణి నవ్వుతుంది, ఆ నవ్వు కంతలోంచి రాదు, హాలు పొడుగునా ఉన్న వీపుల్లోంచి ఒక్కొక్కటిగా వస్తుంది.

"మూడు నిమిషాలయ్యాయి," అంటుంది వేణి, డ్యూటీ గొంతుతో. "పొడిగించడానికి ఇక్కడ కుదరదు. మాలిని ఏమందే? తెలీకపోతే తెలీదను, నేనేమీ అనుకోను, ఇలాగే కూర్చుంటాను. చెప్పావంటే మాత్రం నేనదే ఆయనకి చెప్పేస్తాను. మళ్ళీ మార్చుకోడం ఉండదు."

అప్పుడు వీపులన్నీ తిరుగుతాయి. చప్పుడు లేకుండా, ఈ చివర నుంచి కనిపించని ఆ చివర దాకా, ప్రతి ఒక్కరూ మొహానికి అడ్డంగా ఏదో ఒక పత్రిక పట్టుకుని ఉన్నారు, ప్రతి పత్రికకూ ఎక్కడో ఒక చోట కంత ఉంది, ప్రతి కంతలోనూ ఒక కన్ను కాత్యాయనినే చూస్తోంది. తెలీదు అనే మాట ఆమె నాలుక చివరకు వచ్చి నిలబడుతుంది. అది నిజం, నిజం చెబితే తన తప్పు తనకే మిగులుతుంది, వేణి ఈ కుర్చీలోనే మిగులుతుంది. భీమవరం దీపం సన్నబడుతోంది, చెవిలో ఊపిరి ఒకటి తప్పి ఒకటి వస్తోంది.

"ఒప్పుకుందే," అంటుంది కాత్యాయని, జీవితంలో ఏనాడూ ఒక ప్రేమకథ చివరిదాకా చదవని మనిషి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పాతరోజుల్లో చదివినట్టే గబగబా. "కాలేజీ గేటు దగ్గర అడిగాడు, వాన పడుతోంది, అతని దగ్గర గొడుగు లేదు, ఈవిడ దగ్గరుంది గానీ తెరవాలని తోచలేదు, ఇద్దరూ తడుస్తున్నారు, అటెండరు చూస్తున్నాడు, చూస్తే చూడనీ అనుకుంది, తల దించుకోలేదు, సిగ్గుపడలేదు, ఇన్నాళ్ళూ అడగరేమా అనుకున్నాను అంది. అంతేనే. ఇంక అక్కడ అయిపోయింది."

"అంత తేలికా?" అంటుంది వేణి. కంతలోని కన్ను మొదటిసారి తడుస్తుంది. "నేనేదో పెద్ద మాట ఉంటదనుకున్నానే."

తీగ తీస్తుంది, దీపం కింద గుచ్చుతుంది. "భీమవరం? నేనండి, కాకినాడ. ఇన్నాళ్ళూ అడగరేమా అనుకున్నానండి."

దీపం ఆరిపోతుంది. ఊపిరి ఆగిపోతుంది. వారపత్రిక మెల్లగా కుర్చీలోకి వాలుతుంది, దాని వెనక కుర్చీ వీపు తప్ప ఏమీ లేదు. కాత్యాయనికి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వస్తాయి, లేచి నిలబడబోతుంది, అంతలో అవతలి సీటులో ఆవిడ, పత్రిక మొహం మీంచి తియ్యకుండానే, ఖాళీ అయిన కుర్చీలోకి జరిగి, ఇంకొంచెం దగ్గరకు వంగి, "అమ్మా, మరి నాదండీ?" అంటుంది.

మెలకువ వచ్చేసరికి సాయంత్రం నాలుగున్నర. పడక్కుర్చీలో ఒక పక్కకు ఒరిగి పడుకుందేమో, కుడిచెవి వేడిగా, ఎర్రగా కందిపోయి ఉంది. పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది. కాత్యాయని మొహం కడుక్కోలేదు, టీ పెట్టుకోలేదు, తిన్నగా వెళ్ళి బీరువా అడుగు అర నుంచి డైరీ తీసింది. చివరి పేజీ మీద తడిగుడ్డ పరిచి, అరగంట కాపలా కూర్చుంది. తర్వాత గోటితో ఒక మూల లేపి, పసిపిల్లకి పుండు మీద పట్టీ ఊడదీస్తున్నంత మెల్లగా లాగింది. శుక్రగ్రహం వైపు అక్షరాలు నాని తడిగుడ్డకు అంటుకుపోయాయి. పోతే పోయాయి, ఆ యంత్రం సంగతి ఇక ఎప్పటికీ తెలియదు. నలభై రెండో పేజీ మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది.

కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చదివింది. కాలేజీ గేటు లేదు, వాన లేదు. రైల్వే ప్లాట్‌ఫారం మీద శ్రీకర్ అడిగాడు. మాలిని చాలాసేపు పట్టాల వంక చూసింది. "వద్దు శ్రీకర్, నన్ను మన్నించండి," అంది. రైలెక్కింది. కింద, అయిపోయింది అని అచ్చు వేసి ఉంది.

రెండుసార్లు చదివింది కాత్యాయని. మొదటిసారి, అయ్యో, తప్పు చెప్పేశానే, ఇక మార్చుకోడం కూడా లేదే అనుకుంది. రెండోసారి చదివాక కోపం వచ్చింది, తప్పు చెప్పింది తను కాదు, తప్పు రాసింది ఆ రచయిత అనుకుంది, గట్టిగా పైకే అంది. ఇన్నేళ్ళలో ఒక ప్రేమకథ గురించి ఆమె అంత పట్టుదలగా అభిప్రాయం చెప్పడం అదే మొదలు. కాగితాన్ని మాలిని వైపు అక్షరాలు లోపలికి ఉండేలా డైరీలో బోర్లా పరిచి, వంటింట్లోకి వెళ్ళి, జిగురు కాయడానికి గిన్నెలో రెండు చెంచాల మైదా వేసి, నీళ్ళు పోసి, స్టవ్వు వెలిగించింది.