నాలుగూ కావు

మా బావకి పక్షవాతం వచ్చి మాట పడిపోయాక నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట. అది "రేపు".

బావది మోటార్లు రీవైండింగ్ చేసే కొట్టు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు, ఏది కాలిపోయినా అక్కడికే వస్తాయి. వచ్చినవాళ్ళందరికీ "రేపు రండి" అని చెప్పీ చెప్పీ ఆ మాట నాలుక మీద అంతగా పాతుకుపోయిందో ఏమో, మిగతావన్నీ తుడిచిపెట్టుకుపోయినా అది మాత్రం కదల్లేదు. ఆకలేస్తోందా అంటే రేపు. నొప్పిగా ఉందా అంటే రేపు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన కొత్తలో ఇస్త్రీ అతను వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "నా టేబుల్ ఫ్యాను ఎప్పుడిస్తారండీ?" అని అడిగాడు. మంచం మీంచి బావ "రేపు" అన్నాడు. "ఎప్పుడూ ఇదే పాట" అని సణుక్కుంటూ వెళ్ళిపోయాడు ఇస్త్రీ అతను. మనిషికి జబ్బు చేసిందన్న అనుమానం కూడా రాలేదు పాపం. నేను నవ్వాపుకోలేకపోయాను. అక్క నవ్వలేదు.

అక్క నవ్వడం మానేసి చాలా రోజులైంది. అంతకన్నా నాకు ఒళ్ళు మండిన సంగతి ఇంకొకటుంది. బావతో పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. "ఇదిగో బుజ్జిగా మందు మింగేద్దాం" అంటుంది. మంచం పక్కనే నిలబడి బావ గురించి వచ్చినవాళ్ళతో, ఆ మనిషి అక్కడ లేనట్టే చెప్పుకుపోతుంది. బావ గోడవైపు తిరిగి పడుకుంటాడు. అది కూడా జబ్బు లక్షణమే అనుకుంటుంది అక్క.

జబ్బుకి ముందు ఈ మనిషి నోరు ఎలాంటిదో తెలిస్తే మీకూ ఒళ్ళు మండుతుంది. నేను కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాను, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. అందుకని నాకు "చత్వారం" అని పేరు పెట్టాడు. "చత్వారం వచ్చిందే, దీపం వేయండి" అనేవాడు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే. టీవీలో "అయితే మరేది?" అనే క్విజ్ వస్తే చాలు, ఇక ఇంట్లో ఎవరూ దగ్గకూడదు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు అరిచేవాడు. అందులో సగం తప్పు. తప్పని తేలితే, "ప్రశ్న సరిగ్గా అడగలేదు" అనేవాడు.

ఆ కార్యక్రమంలో ఒక తిరకాసు ఉంది. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులిస్తారు. పక్కన ఎర్రటి ఐదో మీట ఉంటుంది, దాని మీద "నాలుగూ కావు" అని రాసి ఉంటుంది. ఒక్కోసారి నిజంగానే నాలుగింటిలో ఏదీ సరైనది కాదు. అప్పుడు ఆ మీట నొక్కిన వాళ్ళకి మిగతా ముగ్గురి పాయింట్లూ వచ్చేస్తాయి. నొక్కి తప్పయిందా, ఆట నుంచి బయటికే. నొక్కగానే యాంకర్ కళ్ళు చిట్లించి "అయితే మరేది?" అంటాడు. ఆ గొంతుకి గట్టివాళ్ళు కూడా తడబడతారు. ఇప్పుడు అదే ఆట ఫోన్‌లోకి వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో నలుగురు ఒక గదిలో చేరతారు. అదే సంగీతం, అదే యాంకర్ గొంతు. ఆ ఐదో మీట జోలికి మాత్రం ఎవరూ పోరు. నేనూ పోయేదాన్ని కాదు.

ఒక సాయంత్రం అక్క మందుల షాపుకి వెళ్తే నేను బావ మంచం పక్కన కూర్చుని ఆడుతున్నాను. యాంకర్ అడిగాడు: వీటిలో తన సొంత వెలుగు ఉన్నది ఏది? చంద్రుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు. సాయంత్రం ఆకాశంలో అంతలా మెరిసేది శుక్రుడు కాక మరేమిటి అనుకుని వేలు పెట్టబోయాను. ఇంతలో పక్కనుంచి బావ ఎడమ చెయ్యి వచ్చి ఎర్ర మీట నొక్కేసింది.

"బావా! ఎంత పని చేశావ్! అయిపోయింది నా ఆట!" అని గట్టిగా అరిచాను.

అయిపోలేదు. నాలుగూ కావు. ఏ ఒక్కదానికీ సొంత వెలుగు లేదు, అన్నీ సూర్యుడి దగ్గర అరువు తెచ్చుకున్నవే. ముగ్గురి పాయింట్లూ నా ఖాతాలో వచ్చి పడ్డాయి. బావ వైపు చూశాను. మూతి ఒక పక్కకి వంకరపోయి ఉన్నా, అది నవ్వే. "ఏం చత్వారం, కనబడలేదా?" అన్న పాత నవ్వు.

ఆ రోజే తన పాత ఫోన్‌లో ఆట పెట్టి ఇచ్చాను. పేరు అడిగితే ఏం చెబుతాడో తెలిసిందేగా, "రేపు" అనే పెట్టాను.

మొదట్లో వరసగా ఓడిపోయాడు. తెలియక కాదు. యాంకర్ ప్రశ్న చదువుతుంటేనే కళ్ళల్లో జవాబు కనిపించేది, కానీ అలవాటు లేని ఎడమ చెయ్యి ఫోన్ దాకా చేరేలోపు సమయం అయిపోయేది. నేనైతే ఫోన్ విసిరి కొట్టేదాన్ని. బావ విసిరికొట్టలేదు. నేను దుకాణానికి వెళ్ళినప్పుడు దుప్పటి మీద వేలితో అటూ ఇటూ కొట్టుకుంటూ కూర్చునేవాడు. అక్క అది చూసి వణుకు మొదలైందనుకుని హడలిపోయింది. అది సాధన. వెంట్రుక లాంటి రాగి తీగని తెగకుండా చుట్టిన మనిషికి, వేలికి పని నేర్పడం తెలియదా! కొన్నాళ్ళకి ఫోన్‌ని దిండుకి ఆనించి, వేలిని గాల్లో సిద్ధంగా ఉంచి ఆడడం మొదలుపెట్టాడు.

ఇంకో సంగతి గమనించాను. మునుపు సగం ప్రశ్నకే అరిచేవాడు. ఇప్పుడు చివరి అక్షరం దాకా వింటున్నాడు. తెలియనిదైతే ఊరుకుంటున్నాడు. నోరున్నప్పుడు లేని ఓపిక నోరు పోయాక వచ్చింది. వీటిలో కీటకం ఏది అంటూ సాలీడు, తేలు, నత్త, వానపాము అని ఇచ్చినప్పుడు గదిలో అందరం సాలీడు మీద పడ్డాం. బావ ఒక్కడే ఎర్ర మీట నొక్కి అందర్నీ ఊడ్చేశాడు. "రేపు గారొచ్చారు, లేచి పొండి బాబూ" అని ఎవరో రాశారు. "గురువుగారూ, మళ్ళీ ఎప్పుడు ఆడతారు?" అని ఇంకొకరు. దానికి జవాబు ఆయన పేరులోనే ఉంది. బావంటే నాకు మొదటి నుంచీ ఇష్టమే. కానీ చెయ్యెత్తి మొక్కాలనిపించింది మాత్రం ఆ రోజుల్లోనే.

ఇంతలో అక్క ఒక మాట చెప్పింది. కొట్టుని పక్క వీధి టైలరమ్మకి ఇచ్చేస్తోందట. వచ్చే ఒకటో తారీఖున తాళం చెవి చేతిలో పెట్టేస్తుందట.

"బావని అడిగావా?" అన్నాను.

"అడిగా. రేపు అన్నారు."

"అది జవాబా?"

"మరి నన్నేం చెయ్యమంటావే? మంచినీళ్ళు కావాలా అన్నా అదే, నేను ఎవర్నో తెలుసా అన్నా అదే. ఏమడిగినా తల ఊపేస్తారు. ఆయనకి ఏం అర్థమవుతోందో, ఏం కావట్లేదో ఎలా తెలుస్తుంది?"

"అన్నీ అర్థమవుతున్నాయి. ఆటలో రోజూ చూస్తున్నాగా!"

"నాలుగు జవాబుల్లో ఏదో ఒకటి తగులుతుంది. చంటిపిల్లాడు నొక్కినా తగులుతుంది."

"ఐదోది తగలదక్కా! నాలుగూ తెలిస్తేనే నాలుగూ కావని చెప్పగలం!"

గిన్నె కడుగుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. కొళాయి అలా పారుతూనే ఉంది. "నాకు ఆశ పెట్టకే" అంది అక్క, నావైపు తిరక్కుండా. "ఆశపడి మళ్ళీ కాదని తెలిస్తే తట్టుకోలేను." నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ ఆ మాటకి అది ఎటు పోయిందో తెలియలేదు. వెళ్ళి కొళాయి కట్టేశాను.

తర్వాత నెమ్మదిగా చెప్పాను. ఆ ఆటలో సొంత గది కూడా పెట్టుకోవచ్చు, ప్రశ్నలూ జవాబులూ మనమే రాసి బావని అడగొచ్చు, యాంకర్ గొంతుతో అదే చదివి వినిపిస్తుంది అని. అక్క చేతులు కొంగుకి తుడుచుకుంది. "నా ప్రశ్నలు నేనే రాసుకుంటా. నువ్వు వేలు పెట్టకూడదు" అంది.

సెలవు రోజు సాయంత్రం ముగ్గురం మూడు ఫోన్లు పట్టుకుని మంచం చుట్టూ చేరాం. నేను ఆటలో ఉన్నానే కానీ ఏదీ నొక్కలేదు. బావకి ఏమాత్రం గురి తప్పినా కొట్టు పోతుంది, దాంతో పాటు అక్క నమ్మకం కూడా పోతుంది.

యాంకర్ గొంతు చదివింది: మనం మొదట కాపురం పెట్టిన ఇంట్లో ఎప్పుడూ కారుతూ ఉండేది ఏది? కొళాయి, పైకప్పు, బకెట్టు, మీ ముక్కు.

బావ పైకప్పు నొక్కాడు. అక్క తన ఫోన్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

మీ పెళ్ళినాటి చొక్కా కాల్చింది ఎవరు? ఇస్త్రీ అతను, నేను, చెల్లి, మీరే.

బావ వేలు ఆగింది. అటు చూశాడు, ఇటు చూశాడు, తప్పదన్నట్టు "మీరే" నొక్కాడు.

"ఓరి దేవుడా!" అక్క ఒక్కసారిగా లేచింది. "నాకు అప్పట్నించీ అనుమానమే! ఇన్నేళ్ళూ పాపం ఆ ఇస్త్రీ అతని మీదకి తోశారా!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత కూడా తుడుచుకుంటూనే ఉంది. ఈ మనిషి మొత్తం లోపల అలాగే ఉన్నాడని ఆమెకి అప్పుడు తెలిసింది.

కానీ మూడో ప్రశ్న ముందే రాసేసి ఉంది. అక్క ఆపబోయేలోపే యాంకర్ చదవడం మొదలుపెట్టాడు: కొట్టు ఎవరికి ఇచ్చేద్దాం? టైలరమ్మకి, మీ తమ్ముడికి, సైకిల్ షాపు అతనికి, కొట్టు ఓనరుకే తిరిగి ఇచ్చేద్దాం.

నాలుగు జవాబులు రాసింది అక్క. ఐదో మీట సంగతి మర్చిపోయింది. అది ఎవరూ రాయక్కర్లేదు, ప్రతి ప్రశ్న కిందా తనంతట తనే వస్తుంది.

బావ ప్రశ్న చివరిదాకా విన్నాడు. నాలుగు పేర్లూ విన్నాడు. వేలు ఒక్క క్షణం కూడా తడబడలేదు. ఎర్ర మీట మీద పడింది.

నాలుగూ కావు.

ఫోన్ ఒక్కటే మాట్లాడింది, ఆ పాత గద్దింపుతోనే: "అయితే మరేది?"

బావ ఫోన్ పక్కన పెట్టాడు. ఎడమ చేత్తో గుండె మీద తట్టుకున్నాడు. తర్వాత అదే చెయ్యి చాచి అక్క చేతుల్ని, ఒకటి తర్వాత ఒకటి, ముట్టుకున్నాడు. నా బుర్ర, నీ చేతులు అని. అంతకన్నా విడమరిచి చెప్పడం నోరున్నవాళ్ళకి కూడా చేతకాదు.

"నాకు వైండింగ్ ఏం వచ్చండీ?" అంది అక్క. ఆ గొంతులో బుజ్జగింపు లేదు. భర్తతో మాట్లాడినట్టే మాట్లాడింది. "నేర్పిస్తారా?"

బావ తల ఊపాడు.

"ఎప్పటినుంచి?"

"రేపు" అన్నాడు బావ.

అక్క నావైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. ఇది ఆ నోటి అలవాటో, నిజంగా రేపో అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అక్క మాత్రం లేచి గోడ మేకుకి తగిలించిన కొట్టు తాళం చెవి తీసి బావ దిండు కింద పెట్టింది.

పొద్దున్న నేను దుకాణానికి వెళ్తూ చూస్తే కొట్టు షట్టరు ఎత్తి ఉంది. అక్క నడిపించుకొచ్చి కూర్చోబెట్టిన కుర్చీలో, ఎడమ చేతిలో చేతికర్రతో బావ ఉన్నాడు. ఇస్త్రీ అతని టేబుల్ ఫ్యాను బల్ల మీద విప్పి ఉంది. అక్క ఒక వైరు పట్టుకోబోతే బావ ఆ కర్రతో బల్ల మీద టక్కున కొట్టాడు. ఇంకో వైరు పట్టుకుంది, ఊరుకున్నాడు. సాయంత్రం వచ్చేసరికి ఆ ఫ్యాను ఇస్త్రీ బల్ల దగ్గర తిరుగుతోంది. దాని ముందు ఇస్త్రీ అతను, నమ్మలేనట్టు, నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

నేనూ నమ్మలేదు. బావ రేపు అన్న పని రేపే జరగడం జీవితంలో అదే మొదటిసారి.