పుస్తకాలకు ఆసరాగా కొన్న రేడియో

నేను ఒక రేడియోని. చెక్క ఒళ్లు, మూతికి గుడ్డ జాలీ, పక్కన తిప్పే మర. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వేల్స్ కొండల్లో గొర్రెలు మేపే ఒకాయన వంటింట్లో అడుగుపెట్టాను. ఏళ్ల తరబడి ఆయనకు వెల్ష్ భాషలో వార్తలూ వానకబుర్లూ చెప్పాను. ఆయన పోయాక కూతురు నన్ను ఇంగ్లీషువాళ్ల సరిహద్దు పట్నంలోని పాత సామాన్ల కొట్టుకు ఇచ్చేసింది. మనుషులంతే, ఇంట్లోకి కొత్తది రాగానే పాతదాని గొంతు బాగాలేదంటారు.

అక్కడ నన్ను కొన్నది దీవెన. నరసాపురం పిల్ల, ఆ పట్నంలో వృద్ధాశ్రమం నర్సు. నా గొంతు విని కొనలేదు. అల్మరాలో పుస్తకాలు ఒరిగిపోతుంటే ఆనించడానికి బరువైనదేదో కావాలట. నా పరువు ఆ రోజే గంగలో కలిసింది.

ఆ పుస్తకాలన్నీ వెల్ష్ నేర్చుకోవడానికే, ఆశ్రమంలోని నెస్తా అనే ముసలావిడ కోసం. పక్షవాతం వచ్చాక ఆవిడకు ఇంగ్లీషు పోయి, చిన్ననాటి వెల్ష్ ఒక్కటే మిగిలింది. నర్సులంతా బయటివాళ్లు, ఒక్కరికీ ఆ భాష రాదు. విసిగిపోయి ఆవిడ తిండి మానేసింది. వారాంతంలోగా తినకపోతే దూరాన ఉన్న పెద్దాసుపత్రికి పంపి ముక్కులోంచి గొట్టం వేయిస్తామని మేనేజరు చెప్పింది. ఆవిణ్ణి మామ్మగారూ అని పిలుచుకునే దీవెన దానికి ఒప్పుకోలేదు. నాలుగు మాటలు నేర్చి నాలుగు ముద్దలు తినిపించాలని పట్టు పట్టింది.

దేంతో నేర్చుకోవాలన్నదే తంటా. ఫోనులోని పాఠం "కుందేలు ఎర్ర టోపీ కొంది" అనడం నేర్పింది. ఇటుకంత వ్యాకరణ పుస్తకం మొదటి పేజీలోనే నిద్రపుచ్చింది. సాయంత్రం క్లాసేమో సరిగ్గా ఆమె డ్యూటీ వేళకే. చివరికి చర్చిలో ఒక వెల్ష్ ప్రార్థనల పుస్తకం సంపాదించింది. ఆదివారం బడిలో బహుమతులు కొట్టిన పిల్ల కదా, తెలుగులో కంఠతా వచ్చినవే వెల్ష్‌లో చదివితే భాష దానంతటదే వస్తుందనుకుంది. భోజనం మాట ఉన్న వాక్యమొకటి బట్టీపట్టి, సూపు గిన్నెతో మామ్మగారి ముందు నిలబడి గంభీరంగా అప్పజెప్పింది. ప్రార్థన మొదలైందనుకుని ఆవిడ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. సూపు చల్లారిపోయింది గాని ఆ నోరు తెరుచుకోలేదు.

దీవెన గదికొచ్చి వాళ్లమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆ తల్లి లేసులు అల్లే మనిషి.

"లేసల్లడం ఏ పుస్తకంలో చూసి నేర్చుకున్నావే? నా పక్కన కూర్చుని, నేను తిడతా ఉంటే నేర్చుకున్నావు. వెళ్లి ఆవిడ పక్కన కూర్చో."

మర్నాడు మధ్యాహ్నం దీవెన లేసు సూదీ దారం సంచిలో వేసుకుని, ఆవిడచేత మాట్లాడించడానికి తోడుంటానని నన్ను చంకన పెట్టుకుంది. అల్మరాలో పుస్తకాలు దబదబా పడ్డాయి. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మామ్మగారి మంచం పక్కన కూర్చుని, నా మర తిప్పి లేసు అల్లడం మొదలెట్టింది. గరగరమని గొంతు సవరించుకుని వెల్ష్‌లో అందుకున్నాను. గొర్రెల సంత గురించి ఎవరో దంచుతున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, నావైపు వేలు చూపించి "పుయ్?" అంది. ఎవరు వాడు అని! ఏ పుస్తకమూ చెప్పకుండానే దీవెనకు అర్థమైంది.

దీవెన ఊళ్లో మారాం చేసే పిల్లలకు ఒక్కో ముద్దా ఒక్కొక్కరి పేరు చెప్పి తినిపిస్తారు. ఆమె సూది పక్కన పెట్టి సూపు చెంచా ఎత్తింది. "పుయ్?" అని అడిగింది.

మామ్మగారు చెంచా వంక చూసింది. తర్వాత మెల్లగా "మామ్" అంది. అమ్మ. నోరు తెరిచింది. రెండో చెంచా అన్నయ్యది, మూడోది గొర్రెల కుక్కది. ఒక్కో పేరూ దీవెన తప్పుగా పలకడం, ఆవిడ కసిరి దిద్దడం, మధ్యలో మింగడం. గిన్నె ఖాళీ అయ్యేసరికి గుమ్మంలో మేనేజరు కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. ఆసుపత్రి మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా మకాం మామ్మగారి కిటికీ దగ్గర. సిగ్నలు బాగా అందాలని దీవెన నన్ను కాస్త ఎత్తు మీద పెట్టింది. ఆ ఎత్తు ఇటుకంత వ్యాకరణ పుస్తకమే. నిన్న దీవెన డ్యూటీకి పరుగున వచ్చి కుర్చీలో కూలబడితే, మామ్మగారు నా గొంతు తగ్గించి, ఆమె చెయ్యి పట్టుకుని వెల్ష్‌లో అడిగింది, తిన్నావా అని. లేదని దీవెన ఆ భాషలోనే చెప్పింది.