దుంకొద్దన్న ఇల్లు

పిల్లకు ఏ జబ్బూ లేదని డాక్టరు చెబితే ఏ తల్లికైనా ప్రాణం కుదుటపడాలి. భూదేవికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

బడిలో పరుగుపందెం పెడితే ఆమె కూతురు ప్రసన్న సగం దూరం కూడా పోకుండానే కూలబడింది. తోటి పిల్లలు నవ్వారు. టీచరమ్మ భూదేవిని పిలిచి, పిల్ల కాళ్ళు ఎవరికైనా చూపించమంది. డాక్టరు మోకాళ్ళు వంచి చూశాడు, నిలబెట్టి చూశాడు. కాళ్ళకు ఏమీ కాలేదనీ, వాటిని ఆడనివ్వకపోవడమే అసలు రోగమనీ హిందీలో తేల్చి చెప్పాడు. ఇంట్లోనైనా సరే, రోజూ ఒళ్ళు అలిసేదాకా గెంతనివ్వాలట. ఇలాగే వదిలేస్తే పిల్ల ఇంకా నీరసపడిపోతుందట.

ఏ ఇంట్లో గెంతాలి? పొట్టకూటికి వలస వచ్చిన పరాయి రాష్ట్రంలో, గోడాదరా అనే పేటలో వాళ్ళకున్నది ఒక్క గది. ఆ గదిలో పగలంతా ఆమె భర్త గోపాల్ నిద్రపోతాడు. రాత్రంతా కార్ఖానాలో బట్ట నేసే సాంచెల నడుమ నిలబడేవాడు పగలు నిద్రపోక ఏం చేస్తాడు? నిద్ర చాలకే కదా, పక్కింటి సాంబయ్య చెయ్యి సాంచెలో పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నాడు.

అందుకే ప్రసన్నకు నడక వచ్చిన నాటి నుంచీ, అంటే దాదాపు ఆరేళ్ళుగా, పిల్ల గెంతబోతే చాలు, ఆ ఇంట్లో ఒకటే మాట. "దుంకకు, బాపు పండిండు." పిల్ల గోడవారన బొమ్మలా కూర్చుంటే వచ్చిన చుట్టాలు మెచ్చుకున్నారు, ఎంత బుద్ధిమంతురాలో అని. బుద్ధిమంతురాలట! ఎదిగే పిల్ల కాళ్ళు కట్టేసి బుద్ధి అని పేరు పెట్టారు. పోనీ బయటికి పంపుదామా అంటే, సందు నిండా చీరల మూటలతో దూసుకుపోయే టెంపోలే.

భూదేవి చప్పుడు లేని ఆటలు పెట్టింది. బల్లిలా నేలమీద పాకుతూ తమ్ముడు మహేశ్‌ను పట్టుకోమంది. తలమీద చెంబు పెట్టుకుని గోడ నుంచి గోడకు నడవమంది. పిల్లి అడుగులు వేస్తూ తాడు మీంచి దాటమంది. రెండు రోజులు బాగానే సాగింది. మూడో రోజు చెంబుతో నడుస్తున్న అక్క ముందు మహేశ్ మూతి వంకర్లు పెట్టాడు. ప్రసన్నకు నవ్వాగలేదు. చెంబు పడి గది అంతా మోగింది.

గోపాల్ దిగ్గున లేచాడు. ఎర్రటి కళ్ళతోనే వచ్చి పిల్ల వీపు మీద ఒక్కటి వేశాడు.

"జర పండనియ్యరా నన్ను? రాత్రి కార్ఖానాల సేట్ తిట్లు, పగలు మీ లొల్లి!"

భూదేవి ఒంటికాలి మీద లేచింది.

"సేట్ మీది కోపం పిల్ల వీపు మీద తీస్తవా? దుంకనియ్యకనే దాని కాళ్ళల్ల బలం లేకుంట అయిందని డాక్టర్ సాబ్ చెప్పలేదా? గన్ని సాంచెలు మోగుతుంటే నడుమల మూట మీద తలపెట్టి కునుకు తీస్తనని నువ్వే చెప్తివి. సేట్ సాంచెలకు రాని మెలకువ నీ బిడ్డ అడుగులకు వస్తదా?"

"అది ఒక్క తీరుగ మోగుతదే! ఇది మోగుతది, ఆగుతది, మల్ల మోగుతది. గుండె జల్లుమంటది."

"ఒక్క తీరుగనే దుంకుతది తియ్యి. పోయి పండు!"

మొండిగా అన్న మాటే అది. కానీ అన్నాక ఆమె వెనక్కి తగ్గలేదు. మర్నాడు నేలమీద బొంత పరిచి ప్రసన్నను నిలబెట్టింది. తొడ మీద చేత్తో దరువు వేస్తూ, దానికి తగ్గట్టు ఎడమకాలు, కుడికాలు ఎగరమంది. పిల్ల భయంభయంగా మొదలుపెట్టింది. దబ్, దబ్, దబ్, దబ్. గోపాల్ గొణిగాడు, తిట్టాడు, దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాడు. కాసేపటికి గుర్రు పెట్టాడు.

భూదేవికి సంతోషం రావలసింది. కోపం రెట్టింపైంది. ఇంతేనా? ఇంత మాత్రానికి ఆరేళ్ళు పిల్లను గోడకు అతికించి కూర్చోబెట్టారా?

అప్పటి నుంచి రోజూ బడి విడిచాక అదే ఆట. కప్పలా ఒక రోజు, ఒంటికాలి మీద ఒక రోజు. మహేశ్ కూడా కలిశాడు. ప్రసన్న మొదట్లో కాసేపటికే కూర్చునేది. రానురాను తల్లి చెయ్యే ముందు నొప్పి పుట్టేది.

ఒక సాయంత్రం ప్రసన్న దాహమేసి, చెప్పకుండా టక్కున ఆగిపోయింది.

గోపాల్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కళ్ళు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. చేతులు ముందుకు చాచి గాలిలో దేనికోసమో తడుముతున్నాడు.

"ఏమాయె? సాంచె ఎందుకాగింది? పోగు తెగిందా?"

ప్రసన్న తల్లి వెనక దాక్కుంది. దెబ్బ పడుతుందనుకుని వీపు ముడుచుకుంది. "నేనే ఆగిన బాపూ," అంది సన్నగా.

గోపాల్ చుట్టూ చూసి, తానున్నది ఇల్లని తెలుసుకుని, చిరాకుగా మళ్ళీ వాలిపోయాడు.

"నిన్నెవరు ఆగుమన్నరే? మంచి నిద్ర చెడగొడ్తివి. దుంకు!"

ప్రసన్న నమ్మలేక తల్లి ముఖంలోకి చూసింది. ఆ ఇంట్లో ఆ మాట తండ్రి నోట ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. భూదేవి మళ్ళీ దరువుకు చెయ్యెత్తింది, ఆరేళ్ళ కోపం మాత్రం అలాగే ఉంది.

"ఇన్నవు గద బిడ్డా," అంది కరుగ్గానే. "దుంకు."