సంగటిలో గుంట

పొయ్యి మీద ఎసరు మూతను ఎగరేస్తోంది. అక్కయమ్మ మూత తీసి, రాగిపిండిని నడుమ కుప్పగా పోసి, కదపకుండా ఆవిరికి వదిలేసింది. పిండి పగుళ్లు విచ్చి, ఆ పగుళ్లలోంచి నీళ్లు బుడబుడమని పొంగాక గిన్నె దించి, పాదాల నడుమ ఇరికించుకుని తెడ్డుతో గెలకసాగింది. ఒక్క ఉండ మిగలకూడదు. మిగిలితే అది అతని కడుపులో రాయిలా కూర్చుంటుందని ఆమె భయం. భుజం పీకేదాకా గెలికి, చేయి తడుపుకుని, సెగకు వేళ్లు ఊదుకుంటూ నున్నగా ముద్ద చేసి కంచంలో పెట్టింది.

గడప పక్కన గోడకు ఆనుకుని ఓబళప్ప కూర్చున్నాడు. ఒకప్పుడు ఆనేకల్‌లో పట్టుచీరలు నేసిన మనిషి. సుగరు జబ్బు ముందు అతని పాదాల్లోకి వచ్చింది. కాలి కింద మగ్గం చెక్క తగులుతోందో లేదో తెలియక, వంగి చూసుకుని తొక్కేవాడు. తొక్కేది చూస్తే నేసేది కనిపించదు. అలా మగ్గం పోయింది. ఆమెకు మాత్రల ఫ్యాక్టరీలో పని దొరికిందని ఇద్దరూ వర్తూరు చేరి, చెరువుకట్టకు దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఇక్కడికొచ్చాక జబ్బు కడుపులోకి దిగింది. పొద్దున తిన్నది పొద్దుగూకినా కదలదు. దీపాలవేళకు తిన్నది తిన్నట్టే పైకొస్తుంది. పొట్ట డోలులా బిగిసి ఉంటుంది, మనిషి మాత్రం పుల్లలా ఎండిపోతున్నాడు. సుగరు ముదిరి కడుపు నరాలు మొద్దుబారాయని డాక్టరు చెప్పాడు.

"రేత్రి తినింది నిలిచిందా?" అని అడిగింది.

"నిలిచిందిమ్మే," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

ఆమె చెంబు పట్టుకుని వెనకవైపు వెళ్లింది. అంట్లు తోమే జాలారి దగ్గర బండ తడిగా ఉంది. ఎవరో చప్పుడు కాకుండా నీళ్లు పోసి కడిగిన తడి. తిరిగొచ్చి, మధ్యాహ్నానికి ఇంకో ముద్ద చేసి వేరే కంచంలో పెట్టి మూతేసింది. సుగరుకు రాగి మంచిదని ఊరంతా చెప్పిన మాట. పైగా వాళ్ల ఇళ్లలో బలం అంటే సంగటే. పొద్దున ముద్ద తింటే సాయంత్రం దాకా కడుపులో నిలబడి ఉంటుంది, ఆకలి అననివ్వదు. చిన్నప్పటినుంచీ ఆమె విన్న పొగడ్త అది. తెల్లన్నం రోగం తెస్తుందని అతనికి మెతుకు కూడా తగలనిచ్చేది కాదు.

మాత్రల అట్టను మూత మీద పెట్టింది.

"అన్నానికి ముందర మాత్ర మింగల్ల. మింగి కొంచేపుండి తిను. మర్చిపోయి ముద్దలో చెయ్యి పెట్టేవు."

"మింగకపోతే ఏమ్మే? మీ కంపెనీ మాత్ర, నీ చేతి మాత్ర. ఇంట్లో ఉంటే చాలు, నీకు భయపడి తినిందంతా దానికదే దిగుతాది."

నవ్వు రావలసిన చోట ఆమెకు దిగులు పుట్టింది. నవ్వించి వెళ్లినవాళ్లు తిరిగి రాకపోవడం ఆమె చూసింది. తండ్రి నవ్వుతూనే ఎద్దుల సంతకు వెళ్లాడు. చెల్లెలు పద్మావతి కాన్పుకని ఆస్పత్రికి పోతూ, మిద్దె మీద వడియాలు కాకుల పాలు చేస్తే నీ పని చెప్తానక్కా అని బెదిరించి పోయింది. వడియాలు మిగిలాయి. అప్పటినుంచీ ఎవరు గడప దాటినా అక్కయమ్మ ప్రాణం ఆ గడప మీదే నిలబడిపోయేది. అందుకే ఇంట్లో ఒక రివాజు పెట్టుకుంది. ఆమె "వచ్చేస్తా" అనాలి. అతను "రా" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే వీధిలోకి అడుగు.

ఆ రోజూ "వచ్చేస్తా" అంది. అంతలో సందు చివర బస్సు హారన్ మోగింది. కొంగు బిగించి పరుగెత్తింది. అతను "రా" అన్నాడో లేదో, కిటికీ పక్కన కూర్చుని ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

మహదేవపురలో ఆమె పనిచేసే మాత్రల ఫ్యాక్టరీలో ఆడవాళ్లంతా ఒక పొడుగాటి బల్ల ముందు కూర్చుంటారు. యంత్రం లోంచి మాత్రల అట్టలు వరసగా జారి వస్తుంటాయి. ఒక్కో అట్టనూ తీసి బొటనవేలితో తడమడమే అక్కయమ్మ పని. గుంట గుంటలో మాత్ర కూర్చుని ఉండాలి. ఏ గుంటైనా ఖాళీగా తగిలితే ఆ అట్ట తీసి ఎర్ర తొట్టిలో వేయాలి. ఏళ్ల తరబడి అదే పని చేసి చేసి ఆ వేలు ఇంట్లో కూడా ఊరుకునేది కాదు. చిక్కుడుకాయ పట్టుకున్నా గింజ లేని చోటు వెతికేది.

డాక్టరు మొదటిసారి ఓబళప్పకు రాసిచ్చిన మందు అంగట్లో చేతికి తీసుకున్నప్పుడు ఆమెకు ఒళ్లు జలదరించింది. అది తన బల్ల మీది అట్టే. ఆ తర్వాత ఆ పనిలో ఒక భక్తి వచ్చింది. అట్టలు సర్దే పెట్టెల మీద ఆమెకు తెలియని అక్షరాలుండేవి. కొన్ని కొక్కేల్లా, కొన్ని తిరగేసిన కుర్చీల్లా. అవి రష్యాకని, ఇవి మెక్సికోకని సూపర్‌వైజరు హేమంత్‌కుమార్ చెప్పేవాడు. ఎక్కడో మంచు కురిసే ఊళ్లో కూడా ఒక మగనికి తిన్నది దిగడం లేదు. అక్కడ కూడా ఒక ఆడది దీపాలవేళ పక్కన కూర్చుని "నిలిచిందా" అని అడుగుతూ ఉంటుంది. ఆ భాషలో ఆ మాట ఎలా ఉంటుందో. ఆ తల్లి కోసం కూడా అక్కయమ్మ గుంటలు తడిమేది.

పక్క కుర్చీ రామక్క మాత్రం నవ్వేది. "వాళ్లకి తినింది దిగక బాధ, మనకి తినేది దొరక్క బాధ. మాత్రలు వాళ్లకి పంపి వాళ్ల కూడు మనకి తెప్పిస్తే సరిపోతాది కదా అక్కయ్యా!"

ఆ పొద్దు బల్ల ముందుకు వచ్చేసరికి యంత్రం ఆగి ఉంది. నిన్న లారీలో వెళ్లవలసిన పెట్టెలు గోడవార అలాగే ఉన్నాయి. రెండువేల సంవత్సరం సగం గడిచిన రోజులవి.

"ఈ పొద్దు నుంచి జలుబు మాత్రలు," అన్నాడు హేమంత్‌కుమార్. "కడుపు మాత్రకి ఎగుమతి లేదు. అమెరికాలో దీన్ని అమ్మడం ఆపేస్తా ఉండారంట. అది చూసి మనతో కొనేవోళ్లు కూడా వద్దన్నారు. దీని జాగాలోకి వేరే మాత్రలు వస్తా ఉండాయి."

"ఎందుకప్పా వద్దన్నారు?" అంది అక్కయమ్మ.

"కొందరికి గుండె కొట్టుకునే లయ తప్పిందంటక్కా. పోయినారంట కూడా. అందరికీ కాదులే. ముందే గుండె జబ్బుండే వాళ్లకి, ఇంకేవో మందులు దీంతో కలిపి మింగినోళ్లకి. మన దేశంలో ఇంకా అమ్ముతానే ఉండారు. భయం లేదు."

భయం లేదన్న మాట వినగానే భయం పట్టుకుంది. పోయిన వారం ఓబళప్పకు దగ్గూ జ్వరమూ వస్తే వీధి చివర మందులంగడిలో ఏవో గొట్టం మాత్రలిచ్చారు. అవి ఇంకా మిగిలున్నాయి. వాటితో పాటు ఇదీ మింగుతున్నాడు. మొన్న రాత్రి గుండె దడదడమంటోందని అంటే, దగ్గి దగ్గి అలా ఉందని తనే వీపు నిమిరింది.

గేటు దగ్గర రూపాయి వేసి మాట్లాడే డబ్బా ఫోను ఉంది. ఇంటి పక్క చిల్లరంగడి చెన్నరాయప్పకు ఫోను చేసింది.

"చెన్నరాయప్పా, మా ఇంటాయనకి మాత్ర మింగొద్దని చెప్పప్పా. అన్నానికి ముందర మింగేది. పుణ్యముంటాది, బేగ పో."

"పోతానక్కా, బెల్లం తూకమేస్తా ఉండా. ఇది అయినాక పోతా."

"బెల్లం యాడికీ పోదప్పా!"

లోపలికి వచ్చి కూర్చుంది. జలుబు మాత్రలు చిన్నవి, వేలికి కొత్త. రెండు అట్టలు తడిమిందో లేదో, ఇంకో దిగులు వచ్చి పడింది. మాత్ర మింగకుండా సంగటి తింటే ఏమవుతుంది? మింగిన రోజే నిలవని తిండి, మింగని రోజు గొంతుకు అడ్డం పడదా? ఒక్కడే ఉన్నాడు. వాంతి అయ్యి ఊపిరాడకపోతే పట్టుకునే మనిషి లేదు. రామక్కకు తన అట్టలు అప్పజెప్పి మళ్లీ గేటుకు పరుగెత్తింది.

"చెప్పినాలే అక్కా, ఇప్పుడే వస్తి," అన్నాడు చెన్నరాయప్ప.

"సంగటి కూడా తినొద్దని చెప్పప్పా."

"ఏందక్కా ఇది? మాత్రా వద్దు, సంగటీ వద్దు. మనిషి గాలి తాగి కూర్చోవల్నా?"

"నేనొచ్చేదాకా అట్లే ఉండమను," అంది అక్కయమ్మ. "నేను వచ్చేస్తానని చెప్పు."

"రా అక్కా, రా," అని అతను నవ్వుతూ పెట్టేశాడు. ఆ "రా" ఆమెకు కావలసిన నోటి నుంచి వచ్చింది కాదు.

మధ్యాహ్నం రామక్క రెండుసార్లు ఎర్ర తొట్టిలోంచి అట్టలు తీసి చూసింది. "ఇవి బాగానే ఉండాయి కదే! నిండినవన్నీ పారేస్తా ఉండావు. నీ మనసు ఈడ లేదు. పో, ముందే పో. నేను చూసుకుంటా."

మారతహళ్లిలో బస్సు మారే చోట ఒక లేడీ డాక్టరు కూర్చుంటుంది. పేరు హేమలత, మదనపల్లి వైపు మనిషి. అక్కయమ్మ అట్ట పేరు చెప్పింది, దగ్గు మందు రంగు చెప్పింది, గుండె దడ చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో ఆపకుండా విన్నది.

"రెండూ ఆపేయండమ్మా. రేపు పొద్దున్నే తీసుకురండి. గుండె పరీక్ష చేసి వేరే మందు రాస్తాను. ఈ రాత్రి దడ ఎక్కువైతే ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లండి. ఇంతకీ ఆయనకు తినడానికి ఏం పెడుతున్నారు?"

"సంగటి. ఉలవచారు. ఆకుకూర. సుగరుకి మంచిదని తెల్లన్నం ముట్టనియ్యలేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "సుగరుకు మంచిదే. ఆయన కడుపుకు కాదు. సంగటి గొప్పంతా చాలాసేపు కడుపులో ఉండడమే కదా? ఆయన కష్టం కూడా అదే. బియ్యపు నూక పల్చగా జావ కాచి, గుక్కెడు గుక్కెడుగా తాపించండి. సుగరు సంగతి నేను చూస్తాను."

అక్కయమ్మకు ఇన్నేళ్లూ భుజం పడిపోయేలా గెలికిన గెలుకుడంతా కళ్ల ముందు తిరిగింది. ఉండ లేకుండా, నున్నగా, ప్రేమగా. ఏడుపు రావలసింది గానీ, దాని వెనకాలే ఒక ఆశ తోసుకొచ్చింది. జావ కాచడం తన చేతిలో పని. అమెరికా అడ్డుపడని పని. దారిలో నూక కొని, బస్సులో ఆ పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని, బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఇంటి ముందు అతను గోడకు ఆనుకునే ఉన్నాడు. పొద్దున వదిలిన చోటే.

"ఏమ్మే, మీ కంపెనీ ఈ పొద్దు నా కడుపుకి కూడా సెలవిచ్చిందంట?"

"గుండె ఎట్లుండాది?"

"ఉండాది."

"దడ ఉండాదా అని!"

"నిన్ను చూస్తే రాకుండా ఉంటాదా?" అన్నాడు. కానీ పెదవులు పాలిపోయి ఉన్నాయి. చేయి పట్టుకుంటే చెమటతో చల్లగా తగిలింది.

"డాక్టరమ్మ రేపు పిల్చుకుని రమ్మనింది గానీ, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం పా."

"రేపు పొమ్మనింది కదా డాక్టరమ్మ? ఆకలైతా ఉండాది. ఆకలి అని నేను చెప్పి ఎన్ని దినాలాయె? ముందు ఊట పెట్టు, తిని పోదాం."

ఆ మాట నిజమే. అతని నోట ఆకలి అన్న మాట విని ఎంత కాలమైందో. ఆమె పొయ్యి ముట్టించి నూక కడిగి జావ కాచింది. ఉప్పు వేసి, చల్లార్చి, లోటాతో అందించింది. అతను గుక్క తాగి ఆగాడు. మళ్లీ గుక్క. బయట ఎండ చెరువుకట్ట మీదికి వాలింది. పిల్లలు సందులో అరుస్తున్నారు. ఇద్దరూ ఏదో చప్పుడు కోసం చెవులు రిక్కించినట్టు కూర్చున్నారు. లోటా ఖాళీ అయింది. కొంతసేపు గడిచింది. అతనికి తేన్పు రాలేదు, వికారం రాలేదు, కండువా నోటి దగ్గరికి పోలేదు.

"నిలిచిందా?"

ఈసారి అతను ఆమె కళ్లలోకి చూశాడు. "నిలిచిందే, అక్కయ్యా," అన్నాడు ఆశ్చర్యంగా. పెళ్లయిన కొత్తలో అలా పిలిచేవాడు.

చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. "గిన్నె కడిగి ఆటో పిలుస్తా. రేపటి దాకా నేనుండలేను. వచ్చేస్తా," అంది.

"రా," అన్నాడు కళ్లు మూసుకుని.

ఆ మాట విని ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. జాలారి దగ్గర గిన్నె తోముతూ, బండ వైపు చూసింది. పొడిగా ఉంది. ఎన్నాళ్లకో ఆ బండ సాయంత్రం పొడిగా ఉంది. చెన్నరాయప్పను కేకేసి ఆటో తెమ్మని చెప్పి లోపలికి వచ్చింది. "లేయి, పోదాం," అంది. రెండోసారి అనలేదు. దుప్పటి మీద చేయి వేసింది. ఆ చేయి చాలాసేపు అక్కడే ఉంది.

ఆటో వచ్చి, ఆగి, ఖాళీగా తిరిగి వెళ్లింది. చెన్నరాయప్ప తలుపు దగ్గర నిలబడి, "రెండోసారి నేను పోయేటప్పటికే ముద్ద ముందర కూర్చుని ఉండాడక్కా," అన్నాడు. "నీ మాట చెప్పినా. సరేలే, ఆయమ్మ రానీ అని, చెయ్యి కడుక్కున్నాడు."

ఇరుగు పొరుగు వచ్చి దీపం పెట్టడానికి చోటు చేస్తూ, మూల ఉన్న కంచాన్ని జరిపారు. మూత పక్కకు తొలగింది. దాని మీది అట్టలో మధ్యాహ్నపు మాత్ర అలాగే ఉంది. లోపల ఆమె మూతేసి పోయిన ముద్ద ఎండి, పైన నల్లగా పెచ్చు కట్టింది. దాని నడినెత్తిన, చారు పోసుకోవడానికి అతను బొటనవేలితో ఒత్తిన గుంట, ఖాళీగా.